కత్తెరక్క ముందుపన్ను

నాలుకని అటు పోవద్దని ఎన్నిసార్లు చెప్పినా వినదు. మళ్లీ వెళ్లింది. పైవరసలో, నవ్వగానే అన్నిటికంటే ముందు కనబడే చోట, విరిగిన పన్ను అంచుని తడిమి చూసి, ఉందిలే అన్నట్టు వెనక్కొచ్చి, రెండు క్షణాలు బుద్ధిగా పడుకుని, మళ్లీ బయలుదేరింది. దానికి నిలకడ లేదు. నాకూ లేదు. ఈ కుర్చీ చూస్తే మూడు కుర్చీలు కలిపి ఒకే ఇనపపట్టీకి బిగించింది. ఆ చివర కూర్చున్న పెద్దాయన కాలు ఊపితే ఈ చివర నేను ఊగుతాను, నేను ఊగితే చిగురులో సలుపు ఊగుతుంది. కింద టైర్ల షాపు. గాలి కొట్టే యంత్రం బుస్సుమన్నప్పుడల్లా అది లోపలి గదిలో పళ్ల డాక్టరమ్మ మిషనేమో అనుకుని ఒళ్లు బిగుసుకుంటుంది, కాదని తెలిశాక సడలుతుంది, ఆ సడలడం కూడా నొప్పే. ఒంటిగంటకల్లా షాపులో ఉండాలి. పూట సెలవే ఇచ్చారు, అదీ జీతంలో కోసుకునే పూట. ఒళ్లో సంచీ. సంచీలో టిఫిన్ బాక్సు, గొడుగు, వాటి అడుగున రుమాల్లో చుట్టి, రేపు ఇంటాయన చేతిలో పెట్టాల్సిన అద్దె. దాన్ని ఎందుకు వెంట తెచ్చావని ఎవరూ అడగలేదు కాబట్టి నన్ను నేను కూడా అడగలేదు.

తీయించుకోవడానికి రెండు రోజుల జీతం. ఉంచుకోవడానికి నెల జీతంలో సగం. మొన్న కనుక్కోవడానికి వచ్చినప్పుడు బల్ల దగ్గరి అమ్మాయి జీతాల లెక్కలో చెప్పలేదు, మామూలుగానే చెప్పింది. నేనే లోపల మార్చుకున్నాను. ఏ ధర విన్నా అలాగే మార్చుకుంటాను, ఇది ఎన్ని గంటలు నిలబడితే వస్తుంది, ఇది ఎన్ని రోజులు నిలబడితే వస్తుంది అని. "రూట్ కెనాల్ చేసి పైన క్యాప్ వెయ్యాలండీ, ముందుపన్ను కదా" అంది. క్యాప్ లేకుండా కుదరదా అన్నాను. "లేకపోతే మళ్లీ విరుగుతుందండీ, పెట్టిన డబ్బు దండగ." మరి పీకేస్తే? "పీకేస్తే పది నిమిషాలండీ!" అంది, నాకేదో బహుమతి తగిలినట్టు. ఆ సందులో కట్టుడు పన్ను పెట్టించుకోవచ్చట, కానీ పుండు పూర్తిగా మానాలి, రెండు మూడు నెలలు ఆగాలి, అది వేరే ఛార్జి. రెండు మూడు నెలలు. ఆ అమ్మాయి ఆ మాట ఎంత తేలిగ్గా అందో. పళ్లన్నీ ఉన్నవాళ్లకి నెలలు అలాగే ఉంటాయి కాబోలు, పక్కపక్కనే, సందుల్లేకుండా.

మా రెడీమేడ్ బట్టల షాపులో పొద్దున్నే తలుపులు తీయకముందు అందరం వరసగా నిలబడాలి. సూపర్‌వైజరుని మేం గడియారం సారు అంటాం, మనిషి మొహం చూడాల్సినప్పుడు కూడా తన మణికట్టే చూసుకుంటాడు కాబట్టి. గోళ్లు, జుట్టు, చొక్కా గుండీలు, బూట్లు, చివర్న నవ్వు. "పళ్లు కనబడాలమ్మా. మూతి బిగించి నవ్వితే ఏదో దాస్తున్నారనుకుంటారు కస్టమర్లు. నవ్వు కూడా యూనిఫామే." యూనిఫాం చొక్కా చిరిగితే కొత్తది ఇస్తారు, జీతంలో కోసుకునే ఇస్తారనుకోండి, అయినా ఇస్తారు. నవ్వు చిరిగితే ఎక్కడ ఇస్తారో ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ఇస్త్రీ పిల్ల అడగలేదు. నా పక్క కౌంటర్లో ఉండే పిల్ల, ఆవిరి ఇస్త్రీపెట్టె చెంప మీద తగిలి కాలితే "మానేదాకా గోడౌన్లో ఉండమ్మా, నీకే హాయి" అని కిందకి పంపారు. చెంప మానింది, మచ్చ మిగిలింది, పిల్ల ఇంకా కిందే ఉంది. జీతం అక్కడైనా ఇక్కడైనా ఒకటే. ఇంతకంటే తక్కువ ఇవ్వకూడదని ప్రభుత్వం ఒక అంకె చెప్పింది కదా, సరిగ్గా ఆ అంకె మీద వచ్చి ఆగుతుంది మా జీతం, గీత దాటకుండా ఆడే పిల్లల్లా. కానీ కౌంటర్లో ఉంటే అమ్మిన బట్ట మీద కమిషను ఉంటుంది. కొంచెమే. ఆ కొంచెంలోంచే మా కరెంటు బిల్లు, అమ్మాయి బస్సు పాసు, అత్తయ్య బీపీ మాత్రలు. గోడౌన్లో ఎవరికి అమ్మను? అట్టపెట్టెలకా?

ఇప్పటిదాకా గడియారం సారుకి దొరకలేదు. మొదటి రెండు రోజులు జలుబని మాస్కు పెట్టుకున్నాను. మూడోరోజు "ఎంతకాలమమ్మా ఈ జలుబు" అన్నాడు వాచీ చూసుకుంటూ, జలుబుకి కూడా డ్యూటీ టైములు ఉన్నట్టు. ఆ రాత్రి మా అమ్మాయి కొవ్వొత్తి ముక్క వేళ్ల మధ్య నలిపి, మెత్తబడ్డాక గోటితో చెక్కి, నా మొహం దీపం వైపు తిప్పి, విరిగిన చోట అతికించింది. తొమ్మిదో తరగతి చదువుతోంది, చేతిలో పనుంది. "అమ్మా, ఇప్పుడు నవ్వు. ఇంకొంచెం. అబ్బ, నిజమైనదానికంటే బావుంది!" అని తనే చప్పట్లు కొట్టుకుంది. నిజంగానే బావుంది. మర్నాడు వరసలో దర్జాగా నవ్వాను, గడియారం సారు దాటిపోయాడు, పన్నెండింటిదాకా రెండు కోట్లు, ఒక పెళ్లి సూటు అమ్మాను. తర్వాత టీ తాగాను. వేడి టీ. మైనం కరిగి నాలుక మీద పరుచుకుంది, మింగాలో ఉమ్మాలో తెలియక కప్పు పట్టుకుని అలాగే నిలబడ్డాను, పిల్లల బట్టల సెక్షన్ అక్క నన్ను చూసి "ఏంటే, దెయ్యం పట్టిందా?" అని, సంగతి తెలిసి నవ్వలేక నవ్వలేక చచ్చింది. ఆ రోజునుంచీ టీ మానేసి మైనం పెట్టుకుంటున్నాను. కానీ మైనం కింద చిగురు వాచింది. మైనానికి ఆ సంగతి తెలీదు.

పన్ను ఎలా విరిగిందని బల్ల దగ్గరి అమ్మాయి అడిగితే గట్టిదేదో కొరికానని చెప్పాను. అబద్ధమేం కాదు. ధరలు మారినప్పుడల్లా షాపులో ఉన్న ప్రతి బట్టకీ పాత ధర చీటీ తీసి కొత్తది వెయ్యాలి. చీటీని బట్టకి కట్టే దారం నైలాన్‌ది, సన్నగా వెంట్రుకలా ఉంటుంది, లాగితే వేలు తెగుతుంది కానీ అది తెగదు. సెక్షనుకో కత్తెర ఇచ్చారు, ఇవ్వకపోలేదు. ఒకసారి మా సెక్షన్ కత్తెర కనబడకుండా పోయింది. దాని ధర మా నలుగురి జీతాల్లోనూ సమానంగా కోశారు. నెల తిరిగాక ఒకాయన వచ్చి, "మీ దగ్గర కొన్న కోటు జేబులో ఇది వచ్చిందమ్మా, నాకు ఫ్రీ అనుకోవాలా?" అని కత్తెర కౌంటరు మీద పెట్టి వెళ్లాడు. కత్తెర తిరిగొచ్చింది, కోసిన డబ్బు తిరిగిరాలేదు. ఆ రోజు మా సెక్షన్లో పెద్దావిడ ఆ కత్తెరని సొరుగులో పెట్టి తాళం వేసి, తాళంచెవి నడుముకి దోపుకుంది. "ఇక దీన్ని బయటకి తీసినవాళ్ల చెయ్యి విరిచేస్తా" అంది. అప్పట్నుంచీ మేం పళ్లతోనే తెంపుతాం. ఒక్క మా సెక్షనే కాదు, కత్తెర పోతే జీతం కోస్తారన్న భయంతో అందరూ. ధరలు మారే రోజు షాపు మూశాక వచ్చి వింటే గదినిండా ఎలుకలు పడ్డట్టు ఉంటుంది, టిక్కు టిక్కుమని. గడియారం సారు వింటాడు, చూస్తాడు, టైము చూసుకుంటాడు. అందరికంటే వేగం నాది. కింది పన్ను మీద దారం ఆనించి, పైపన్ను దించి, తల ఇంత వంచితే చాలు. ఇద్దరు రెండు అరలు పూర్తిచేసేలోపు నేను మూడోది మొదలుపెట్టేదాన్ని. కత్తెరక్క అని పేరు పెట్టారు. కొత్తగా చేరిన పిల్లలకి పని నేర్పించమని గడియారం సారు నా దగ్గరికే పంపేవాడు, "కత్తెరక్క దగ్గర చూసి నేర్చుకోండి" అని. నేర్పించాను. నాకు గర్వంగా ఉండేది, నిజంగా గర్వంగానే ఉండేది, ఇంత పెద్ద షాపులో నాకంటూ ఒక పేరు, ఒక పనితనం. ఆ రోజు చేతిలో చలికాలం కోటు. మందపాటి కాలరు, దానికి రెండు వరసల దారం, ఎవరో జాగ్రత్తపరులు వేసినట్టున్నారు. టక్కుమంది. దారం తెగిందనుకున్నాను. అరచేతిలో ఉమ్మితే తెల్లటి పెంకు, బియ్యపుగింజలో సగం. దారం తెగలేదు.

ఇది దండగమారి ఆలోచన, అయినా వస్తోంది. ఆ పన్ను ఉంచుకోవడానికి అయ్యే డబ్బుతో కత్తెరలు కొంటే మా షాపులో ఉన్న ప్రతి మనిషికీ ఒకటి, గోడౌనుకి కూడా, ఇంకా గడియారం సారు గోళ్లు తీసుకోవడానికి ఒక చిన్నది. ఈ ఆలోచనకి నవ్వొచ్చింది, నవ్వుకి పెదవి లేచింది, పెదవి లేచేసరికి చల్లగాలి తగిలి ప్రాణం నడినెత్తికెక్కింది.

ఎదురుగా గోడమీద పెద్ద పన్ను బొమ్మ, మధ్యకి కోసి చూపించింది. పైన తెల్లటి గోడ, లోపల ఇంకో గోడ, దాని లోపల ఎర్రటి గది, గదిలోంచి కిందకి సన్నటి సందులు. ఆ ఎర్రగదిలో ఉండేది నరమట. ఇంత ఇరుకు గదిలో కాపురం ఉండేది ఇంకెవరో నాకు తెలుసు. మాది మెట్ల కింద రెండు గదులు, పైన ఇంటాయన నడిస్తే ఏ గదిలోకి వెళ్తున్నాడో చెప్పగలను. పోయిన ఏడాది ప్రభుత్వం మా జీతం అంకె పెంచింది. పేపర్లో వచ్చింది, మా షాపు నోటీసు బోర్డు మీద పెట్టారు, మేం కూడా చూసి సంతోషించాం. ఒకటో తారీకు చూస్తే చేతికొచ్చింది పాతదే. అంతకుముందు బస్సు ఖర్చని, టీ ఖర్చని విడిగా ఇచ్చేవాళ్లు కదా, వాటిని జీతంలో కలిపేశారట. "జీతం పెరిగిందమ్మా, చూసుకో, ఇక్కడ రాసుంది" అన్నాడు గడియారం సారు. పెరిగిన మాట నిజమే. బస్సు పోయిన మాట కూడా నిజమే. ఇంటికొస్తే మెట్ల మీద ఇంటాయన, చేతిలో అదే పేపరు. "ఏమ్మా, మీవాళ్లకి జీతాలు పెంచారటగా! శుభం, శుభం. మరి నేనూ కొంచెం పెంచుకోవాలి, ఏమంటావ్?" "కాయితం మీద పెరిగిందండీ, చేతికి రాలేదు." "కాయితం మీదకొచ్చిందంటే చేతికి రాకుండా ఎక్కడికి పోతుందమ్మా!" ఆయన చెడ్డమనిషి కాదు. పేపరు నమ్మే మనిషి. ఆ నెలనుంచే అద్దె పెరిగింది, మా ఇంట్లో నిజంగా పెరిగింది అదొక్కటే. అమ్మాయి కూడా పెరుగుతోందనుకోండి, బూట్లు మళ్లీ బిగుతయ్యాయి, చెప్పడం లేదు కానీ వేళ్లు ముడుచుకుని నడుస్తోంది, నాకు తెలీదనుకుంటోంది.

చిన్న ప్యాకెట్లు. అది కూడా పళ్లే. నూనె చిన్న ప్యాకెట్, షాంపూ చిన్న ప్యాకెట్, బట్టల సబ్బు పొడి చిన్న ప్యాకెట్, పెద్దది కొంటే కలిసొస్తుందని ఎవరికి తెలీదు, పెద్దది కొనే డబ్బు ఒకేసారి ఎదురుగా ఉండాలి కదా. ఒక్కొక్కటీ పంటితోనే చింపుతాం, ఇంటిల్లిపాదీ. మాత్రలు కూడా అంతే, పట్టీ మొత్తం కాదు, రెండు కత్తిరించి ఇమ్మంటాను. మందుల షాపతను కత్తెరతోనే కత్తిరిస్తాడు. ఆ కత్తెర వంక చూస్తూ నిలబడిపోయాను మొన్న. "ఇంకేమైనా కావాలా అక్కా?" అన్నాడు.

"అమ్మాయ్, నీది పైనా, కిందా?" పెద్దాయన అడుగుతున్నాడు. ముందు అర్థం కాలేదు, తర్వాత పన్ను గురించని తెలిసింది. పైనే తాతగారూ, ముందుది, అన్నాను చెయ్యి అడ్డంపెట్టుకుని. ఆయన చేతిలో చిన్న స్టీలు డబ్బా ఉంది, తిండి తెచ్చుకున్నాడనుకున్నాను ఇందాక, మూత తీసి చూపించాడు, లోపల రెండు వరసల పళ్లు, పైవి కిందివి, మూసిన నవ్వులా. "బస్సు కండక్టరుని నేను. ముప్పై ఏళ్లు నోట్లో విజిలు పెట్టుకుని తిరిగాను. వీటితో విజిలు రాదు, అన్నం నమిలితే చిగుళ్లు కోసుకుపోతున్నాయి, కొంచెం అరగదీయమని వచ్చా." అన్నీ ఊడిపోయాయా అన్నాను. "ఊడిపోవడమేంటమ్మా, తీయించుకున్నాను. పుచ్చిన ప్రతిసారీ బాగుచేయించే డబ్బు ఎక్కడిది? ఉంచితే ఖరీదు, తీస్తే చవక. ప్రతిసారీ ఇదొక్కటేగా పోయేది అనుకున్నా. ఒక్కటే, ఒక్కటే అంటూ ఇదిగో, డబ్బా నిండింది." అని పళ్లు లేని నోటితో హాయిగా నవ్వాడు. "ఒక సుఖముందిలే. ఇక నొప్పి పుట్టాలన్నా దానికి చోటు లేదు." డబ్బా మూత పెట్టి, మళ్లీ కాలు ఊపడం మొదలుపెట్టాడు. నేను ఊగుతున్నాను.

మా ఆయన వెనకపళ్లలో రెండు లేవు. శీతల గిడ్డంగిలో రాత్రి డ్యూటీ, పెట్టెలు దించడం, ఎక్కించడం. ఆయన జీతమూ అదే అంకె. నేను బయలుదేరేవేళకి ఆయన వస్తాడు, ఆయన బయలుదేరేవేళకి నేను వస్తాను, మేమిద్దరం గుమ్మంలో కాపురం చేస్తాం. నిన్న గుమ్మంలోనే చెప్పాను, రెండు ధరలూ. ఆయన చేతులు ఇంకా చల్లగానే ఉన్నాయి, ఆ చేతిని నా చెంప మీద పెట్టాడు, మంచు ముక్కలా ఎంత హాయిగా ఉందో, బస్సు పోయినా సరే అనిపించింది. "ఎంత వాచిందే" అన్నాడు. "తీయించెయ్యనా?" అన్నాను. "తీయిస్తే నిన్ను గోడౌన్లో పడేస్తారంటున్నావుగా." "ఉంచుకుంటే అద్దె ఎక్కడిది?" "నీ ఇష్టం" అన్నాడు. కోపంగా కాదు, విసుగ్గా కూడా కాదు, నిద్రలోకి జారిపోతూ అన్నాడు. నీ ఇష్టం. మా ఇంట్లో అంత బరువైన మాట ఇంకోటి లేదు. ఇద్దరిలో ఎవరికి ఓపిక అయిపోతే వాళ్లు రెండోవాళ్ల నెత్తిన పెడతారు దాన్ని. లోపల్నుంచి అత్తయ్య అందుకుంది, "ఒక పన్నుకి ఇంత ఆలోచనేంటమ్మా! నా పళ్లన్నీ ఊడితే మీ మామయ్య నన్ను వదిలేశాడా?" "మామయ్య వదల్లేదు అత్తయ్యా, షాపువాళ్లు వదిలేస్తారు." "అయితే నా కొడుక్కి నవ్వేదానికంటే ఆ షాపుకే ఎక్కువ నవ్వుతున్నావన్నమాట!" అంది. ఆవిడ హాస్యానికే అంది, మంచం మీదనుంచి అలాంటివి విసురుతూ ఉంటుంది, రోజంతా మాట్లాడే మనిషి లేక. కానీ బస్సులో నిలబడి ఉండగా అది లోపలికి దిగింది. నిజమే. ఆయన నా పళ్లు చూసి ఎన్నాళ్లయింది? ఆదివారం ఇద్దరం ఇంట్లో ఉన్నా ఇద్దరం నిద్రే. నా నవ్వంతా పొద్దున పదినుంచి రాత్రి తొమ్మిదిదాకా కౌంటర్లో అయిపోతుంది, ఇంటికొచ్చేసరికి డబ్బా అడుగు కనబడుతుంది.

తీయించేద్దాం. ఇక చాలు. ఇంత నొప్పి పెట్టుకుని ఎవరు నవ్వగలరు అసలు, మైనం పెట్టుకున్నా. రెండు రోజుల జీతం పోతే పోయింది, అద్దె రేపు ఇచ్చేస్తాను, గోడౌన్లో వేస్తే వేశారు, అక్కడ కనీసం అట్టపెట్టె మీద కూర్చోవచ్చు, ఇస్త్రీ పిల్ల చెప్పింది, సారు దిగొచ్చే చప్పుడు మెట్ల మీద వినబడగానే లేస్తే చాలట. కూర్చోవడం. పగటిపూట కూర్చోవడం. అదీ ఒక లాభమే, ఎవరూ లెక్కలో వేయరు కానీ. బస్సు పాసుకి ఏదో చూద్దాం. మాత్రలకి ఏదో చూద్దాం. ఏదో చూద్దాం, ఏదో చూద్దాం, ఏం చూస్తాం, ఎక్కడ చూస్తాం, కానీ ముందు ఈ సలుపు ఆగాలి, ఎవరో లోపల కూర్చుని ఒకే తలుపు ఒకే చోట తడుతున్నారు. బల్ల దగ్గరి అమ్మాయి పిలిచి ఏం చేయించుకుంటారంది, తీసేయమన్నాను. లేచాను. నా వెనక పెద్దాయన ఊగాడు.

కుర్చీ కాదు అది, మంచంలాంటిది. పడుకోగానే కాళ్లు పైకి లేచాయి. రోజంతా నిలబడే కాళ్లు కదా, పగలు ఇలా గాల్లో ఉండటం వాటికి తెలీదు. డాక్టరమ్మ నాకంటే పెద్దదేం కాదు, కళ్లకింద నలుపు, కళ్లజోడు జారకుండా వెనక దారం కట్టుకుంది. అద్దం పెట్టి చూసి, "దేంతో కొరికారమ్మా ఇలా అరిగింది? మీరు దర్జీ పని చేస్తారా?" అంది. నోట్లో ఆవిడ వేళ్లు ఉన్నాయి, తల అటూ ఇటూ ఊపాను. "తీసేయమన్నారట?" అవునన్నట్టు ఊపాను. "ఉంచొచ్చు కూడా. వేరు గట్టిగానే ఉంది." కాదన్నట్టు ఊపాను. ఆవిడ ఇంకేం అనలేదు. నాకు కోపమొచ్చింది, ఎందుకు అనలేదు, ఇంకొక్క మాట అంటే ఏం పోయింది, అని. సూది. కళ్లలో నీళ్లు తిరిగాయి, చెవి వెనక్కి జారాయి. "మొద్దుబారనివ్వండి, వస్తాను" అని పక్కగదిలోకి వెళ్లింది, అక్కడ కుళాయి తిప్పిన చప్పుడు, ఇనప సామాను చప్పుడు.

ముందు పెదవి పోయింది. ముక్కు కింద ఎవరో చల్లటి గుడ్డ పరిచినట్టు. తర్వాత చిగురు. తర్వాత తలుపు తడుతున్నవాళ్లు ఆగారు. ఆగారా, విశ్రాంతి తీసుకుంటున్నారా అని ఎదురుచూశాను. ఆగారు. నాలుక అటు వెళ్లింది, ఏమీ తెలియలేదు, అక్కడ పన్ను ఉందో రాయి ఉందో. మూడు వారాల తర్వాత మొదటిసారి నొప్పి లేదు. గదిలోంచి పెద్ద మిషను తీసేశాక గది ఎంత పెద్దదో తెలిసినట్టు, నా తల ఇంత ఉందా అనిపించింది. పైన దీపం గిన్నెలా ఉంది. కిటికీ బయట తీగ మీద ఎవరిదో నీలం చొక్కా ఆరేసి ఉంది, కుట్టు బాగుంది, భుజం దగ్గర సరిగ్గా కూర్చుంది. ఇవన్నీ నాకు కనబడుతున్నాయి. ఇందాకట్నుంచి, కాదు, ఇన్ని రోజులనుంచి ఆలోచిస్తున్నది నేను కాదు, నొప్పి. నొప్పికి ఒకటే కావాలి, ఇప్పుడు ఆగిపోవాలి. దానికి వచ్చే నెల అక్కర్లేదు. డబ్బున్నవాళ్లు ఎప్పుడూ ఇలాగే ఆలోచిస్తారు కాబోలు, ఏదీ సలపకుండా, కాళ్లు పైకి పెట్టుకుని. నాకు దొరికింది పది నిమిషాలు. సరే, పది నిమిషాల్లో ఆలోచిద్దాం.

తీయిస్తే పుండు మానేదాకా సందు. సందుంటే గోడౌను. గోడౌన్లోకి వెళ్లినవాళ్లు పైకి రావడం నేను చూడలేదు. అంటే ప్రతి నెలా కమిషను పోతుంది, ఒక నెల కాదు, ప్రతి నెలా. చవకైనది తీయించడం కాదు. ఉంచితే అద్దె లేదు. అద్దె లేకపోతే ఏమవుతుంది? ఈ ప్రశ్న ఇంతవరకూ పూర్తిగా అడగలేదు నేను, అద్దె లేకపోతే అనేదాకా వచ్చి ప్రతిసారీ ఆగిపోయాను, అక్కడేదో గొయ్యి ఉన్నట్టు. ఏమవుతుంది? ఇంటాయన అరుస్తాడు. మెట్ల మీద నిలబడి, పేపరు చేతిలో పట్టుకుని, నలుగురికీ వినబడేలా. ఇన్నేళ్లలో ఒక్క నెల ఆలస్యం చేయలేదు, పెంచమన్న ప్రతిసారీ పెంచాం, మేమిచ్చిన అడ్వాన్సు ఆయన దగ్గరే ఉంది. సగం వచ్చే నెల, సగం ఆపై నెల ఇస్తానని చెప్పాలి. ఖాళీ చెయ్యమంటే? అనొచ్చు. అంటే అప్పుడు చూడాలి. భయం లేదని కాదు, ఉంది. కానీ ఇన్నాళ్లూ ఆయన అరవకుండా ఉండటానికి నేను ఎన్ని ఇచ్చాను. గడియారం సారు కోయకుండా ఉండటానికి ఎన్ని ఇచ్చాను. లెక్క ఇక్కడితో ఆగితే బాగుండేది, లెక్కగానే ఉండేది. ఆగలేదు. దాని వెనకే ఇంకోటి వచ్చింది, చాలా చిన్నది, చిన్నపిల్ల అన్నట్టు. నాకు ఆ పన్ను కావాలి. కమిషను కోసం కాదు, షాపు కోసం కాదు. ఊరికే. ఏడెనిమిదేళ్ల వయసులో వచ్చింది, అప్పట్నుంచీ నాతోనే ఉంది, నాది. నాకు కావాలి. ఇలా ఒక వస్తువు గురించి ఎప్పుడనుకున్నానో గుర్తు చేసుకోబోయాను, గుర్తురాలేదు.

డాక్టరమ్మ వచ్చింది. చేతిలో పట్టకారులాంటిది, దాన్ని నాకు కనబడకుండా కింద పట్టుకుంది, మర్యాదస్తురాలు. "నొప్పి తెలుస్తోందా? లేదు కదా. మొదలుపెడదాం, కొంచెం లాగినట్టుంటుంది అంతే." నేను చెయ్యి ఎత్తాను, బడిలో ఎత్తినట్టు. ఆవిడ ఆగింది. ఉంచండి, అన్నాను. పెదవి నాది కాదు కదా ఇప్పుడు, మాట పక్కకి జారింది. "ఏంటమ్మా?" ఈసారి లేచి కూర్చుని, బయట కుర్చీలో పెద్దాయనకి కూడా వినబడేంత గట్టిగా అన్నాను, "తీయొద్దు. ఉంచండి. బాగుచేయండి."

ఆవిడ పట్టకారు పళ్లెంలో పెట్టింది. కళ్లజోడు పైకి తోసుకుని నా మొహం చూసింది. "డబ్బు ఎంతవుతుందో అమ్మాయి చెప్పిందా?"

"చెప్పిందండీ. ఈరోజు సగం ఇస్తాను."

"మిగతాది?"

"ఇంకా తెలీదండీ."

"చూడమ్మా, ఇది సగంలో వదిలేసే పని కాదు. మళ్లీ రెండుసార్లు రావాలి. రాకపోతే ఇప్పటికంటే పాడవుతుంది, అప్పుడు నేను కూడా ఏం చేయలేను. డబ్బు లేదని మానేస్తారు చాలామంది. లేకపోతే లేదని చెప్పడానికైనా రావాలి. వస్తారా?"

"వస్తాను."

"ఇవాళే గంట పైన పడుతుంది. తొందరేమైనా ఉందా?"

గంట పైన. గడియారం సారు ఎక్కడో ఈ పాటికి మణికట్టు చూసుకుంటూనే ఉంటాడు. లేదండీ, అన్నాను.

ఆవిడ నన్ను మళ్లీ పడుకోబెట్టింది, దీపాన్ని దగ్గరికి లాగింది, వెలుగు పెదవి మీద పడ్డట్టు తెలియలేదు కానీ కళ్లు మూసుకుంటే ఎర్రగా తెలిసింది. తెరవండి, అంది. తెరిచాను. "ఇంత అక్కర్లేదమ్మా," అంది నవ్వుతూ, "కొంచెం మూయండి."

మూయలేదు.